బిళ్ళగన్నేరు ఆకు - ఎముక మూలుగ: కణమునకు ఊతమిచ్చు మాంసకృత్తుల కథ

మధుమేహమునకు పెరటి వైద్యమేదని అడుగువారు కాకరకాయ, మెంతులు, నేరేడు గింజల తరువాత తప్పక తలచు పేరు బిళ్ళగన్నేరు. ఏడాది పొడవునా తెల్లగానో గులాబి వన్నెలోనో పూచుచు, నీరు పోయుట మరచినను బ్రతికియుండు ఈ మొక్క లేని పెరడు మన ప్రాంతములో అరుదు. పరగడుపున ఐదు ఆకులు నమిలిన చక్కెర దిగునన్న మాట ఒకరి నుండి ఒకరికి ఏండ్ల తరబడి సాగుచున్నది. వైద్యవృత్తి చేపట్టిన తొలి సంవత్సరములలో నేనును ఆ మాటను కాదనలేదు. కొందరికి నా నోటనే చెప్పినాను. ఇప్పుడు చెప్పుట లేదు. ఎందుకు మానినానో వివరించుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము. ఆ కారణము బోధపడవలెనన్న మన శరీరములోని మూలకణములను గూర్చియు, ఆ కణముల లోపలి చట్రమును గూర్చియు కొంత తెలిసికొనవలెను. విషయము కొంచెము సూక్ష్మమైనదే గాని, పందిరి గుంజను, సాలెవాని కండెను ఎరిగినవారికి కష్టము కాదు.

నా కనువిప్పు

నా వద్దకు వచ్చు పెద్దలలో ఉద్యోగ విరమణ చేసిన ఉపాధ్యాయులొకరు ఉండిరి. పదేండ్లుగా చక్కెర వ్యాధికి మాత్రలు వాడుచున్నారు. నేను ఐదు ఆకులని చెప్పగా ఆయన గుప్పెడు ఆకులు నూరి రసము తీసి, నాలుగు నెలలు ప్రతిదినము త్రాగినారు. మాత్రలు మానలేదు. మాత్రలిచ్చు వైద్యునికి ఈ రసము సంగతి చెప్పలేదు. ఒకనాటి తెల్లవారుజామున ఆయనకు ఒళ్ళంతా చెమటలు పట్టి మాట తడబడుచుండగా వారి ఇల్లాలు గుర్తించి, పంచదార నీళ్ళు త్రాగించి ఆసుపత్రికి చేర్చినారు. రక్తములో చక్కెర ప్రమాదకరముగా పడిపోయియున్నది. ప్రాణము దక్కినది.

ఆ సమయమున చేసిన రక్తపరీక్షలో మరియొక సంగతి బయటపడినది. తెల్ల రక్తకణములు ఉండవలసినదానికన్న తక్కువగా ఉన్నవి. రసము మానిన నెలన్నరకు అవి మామూలు స్థితికి వచ్చినవి. ఆకు వలననే తగ్గినవని అక్కడి వైద్యులు రూఢిగా చెప్పలేదు. నేనును చెప్పలేను. కాని వారు నన్ను అడిగిన ప్రశ్న ఒకటి నేటికిని చెవిలో ఉన్నది. "ఆచారిగారూ, రక్తకాన్సరుకు వాడు మందు ఈ మొక్క నుండియే తీయుదురని మీకు తెలియును గదా, మరి త్రాగుటకు ఎట్లు చెప్పినారు?" నాకు తెలియును. పుస్తకములో చదివినదే. చదివిన సంగతిని నేను చెప్పిన చిట్కాతో కలిపి ఆలోచించకపోవుటయే నా తప్పు.

జమైకా నుండి వచ్చిన ఇరువది ఐదు ఆకులు

ఈ మొక్క యొక్క శాస్త్రీయనామము కాథరాంథస్ రోసియస్. పుట్టినిల్లు మడగాస్కర్ ద్వీపము. ఓడల ద్వారా లోకమంతటను వ్యాపించి, మన దేశమునకును చేరినది. కనుక చరక సుశ్రుతుల కాలము నాటి ఔషధమని దీనిని చెప్పుట సరికాదు. చిత్రమేమనగా, చక్కెర వ్యాధికి దీనిని వాడు అలవాటు మనకు మాత్రమే గాక జమైకా మొదలగు ద్వీపములలోను కలదు.

1952లో జమైకా నుండి ఇరువది ఐదు ఆకులు కెనడాలోని డాక్టరు క్లార్క్ నోబుల్ గారికి చేరినవి. అక్కడివారు ఈ ఆకుల కషాయమును మధుమేహమునకు త్రాగుచున్నారని అందలి సమాచారము. ఆయన వాటిని వెస్టర్న్ ఒంటారియో విశ్వవిద్యాలయములో పరిశోధకుడగు తన తమ్ముడు రాబర్ట్ నోబుల్ గారికి పంపినారు. ఎలుకలకు నోటి ద్వారా ఇచ్చి చూడగా చక్కెరలో చెప్పుకొనదగిన మార్పు లేదు. సారమును సూదిమందుగా ఎక్కించి చూడగా ఎలుకలు చీముగడ్డలతో, అంటురోగములతో మరణించినవి. కారణము వెదుకగా వాటి తెల్ల రక్తకణములు హఠాత్తుగా తగ్గిపోయినట్లును, ఎముక మూలుగ క్షీణించినట్లును తెలిసినది.

మరియొకరైనచో పనికిరాదని పారవేసియుందురు. నోబుల్ గారు వేరు విధముగా ఆలోచించినారు. తెల్లకణములను ఇంతగా తగ్గించు పదార్థము, తెల్లకణములు అదుపు తప్పి పెరుగు రక్తకాన్సరులో ఉపయోగపడవచ్చును గదా అని తలచినారు. చార్లెస్ బీర్ గారితో కలిసి ఆ పదార్థమును వేరుచేసినారు. అదియే 1958లో ప్రకటింపబడిన విన్‌బ్లాస్టిన్. అదే మొక్కలో లభించిన విన్‌క్రిస్టిన్‌కు 1963లో అమెరికాలో అనుమతి లభించినది. పిల్లలకు వచ్చు రక్తకాన్సరు చికిత్సలో అది నేటికిని ముఖ్యమైన మందు. ఒకే ఆకులోని పదార్థము ఒకచోట ప్రాణము తీయుటయు, మరియొకచోట ప్రాణము నిలుపుటయు ఎట్లు సాధ్యము? సమాధానము కణము లోపల ఉన్నది.

కణములోని పందిరి గుంజలు

కణమనగానే నీటితో నిండిన చిన్న సంచి అని మనము ఊహింతుము. కాని సంచికి ఆకారము నిలువదు. పాదు పందిరికి గుంజలు, అడ్డకర్రలు, పురికొసలు ఉన్నట్లే కణమునకును ఒక చట్రము కలదు. దీనిని సైటోస్కెలిటన్ అందురు. మనము కణపంజరము అనుకొందము. ఇది మూడు రకముల మాంసకృత్తుల పోగులతో ఏర్పడినది.

మొదటిది ఆక్టిన్ పోగు. అన్నింటికన్న సన్ననిది, మందము సుమారు 7 నానోమీటర్లు. నానోమీటరనగా మిల్లీమీటరులో పదిలక్షలవ వంతు. కణము కదలుటకు, ముడుచుకొనుటకు, పరచుకొనుటకు ఇది ఆధారము. 1942లో హంగెరీలోని సెగెడ్ నగరములో స్ట్రాబ్ అను శాస్త్రవేత్త కండరము నుండి దీనిని వేరుచేసినాడు.

రెండవది మధ్యస్థ తంతువు, సుమారు 10 నానోమీటర్లు. ఇది పురికొస వంటిది, గట్టిగా లాగినను తెగదు. మన వెండ్రుకలలోను, గోళ్ళలోను ఉండు కెరాటిన్ ఈ జాతిదే.

మూడవది సూక్ష్మనాళిక. సుమారు 25 నానోమీటర్ల మందముతో వెదురుబొంగు వలె లోపల బోలుగా ఉండును. ట్యూబులిన్ అను మాంసకృత్తి ఇటుకలు ఒకదానిపై ఒకటి చేరి ఈ బొంగు తయారగును. దీని విశేషమేమనగా, ఇది నిలిచియుండు గుంజ కాదు. ఒక కొన వద్ద ఇటుకలు చేరుచు పెరుగును, హఠాత్తుగా ఊడిపోయి కురుచ అగును, మరల పెరుగును. ఈ గుణమును 1984లో మిచిసన్, కిర్ష్‌నర్ అను శాస్త్రవేత్తలు వెల్లడించినారు. మన ప్రాణము ఈ పెరుగుట తరుగుటల మీదనే ఆధారపడియున్నదన్న అతిశయోక్తి కాదు.

మూలకణము - కండె పోగులు

మన రక్తములోని ఎర్రకణము ఆయుర్దాయము సుమారు 120 రోజులు. రక్తఫలకికలకు వారము పది రోజులు. ప్రేగు లోపలి పొర మూడు నుండి ఐదు రోజులకు ఒకసారి మారుచుండును. అరిగిపోయినవాటి స్థానములో క్రొత్తవి రావలెను. ఎర్రకణములే క్షణమునకు సుమారు 20 లక్షలు పుట్టవలెను. ఈ సంతానమునకు మూలమైనవే మూలకణములు. ఎముక మూలుగలో ఇట్టి కణములు కలవని 1961లో టొరంటోకు చెందిన టిల్, మెక్‌కుల్లా అను శాస్త్రవేత్తలు ఎలుకలపై ప్రయోగములతో నిరూపించినారు.

మూలకణము రెండు పనులు చేయవలెను. తన వంటి కణమును తాను నిలుపుకొనవలెను. పనికి పోవు కణములను పుట్టించవలెను. విత్తనమునకు కొంత దాచి తక్కినది వండుకొను రైతు ఇల్లు వంటిది మన మూలుగ. విత్తనపు గింజ అంతయు వండిన మరు సంవత్సరము పంట లేదు. అంతయు దాచిన నేడు ఆకలి తీరదు.

కణము రెండుగా చీలునప్పుడు సూక్ష్మనాళికలన్నియు క్రొత్తగా అమరి, సాలెవాని కండె ఆకారములో నిలుచును. అందుచేతనే మన పాఠ్యపుస్తకములలో వాటికి కండె పోగులని పేరు. ఇవి క్రోమోజోములను పట్టి, సమముగా రెండు వైపులకు లాగును. కండె ఏ దిక్కునకు తిరిగియున్నదను దానిని బట్టి రెండు పిల్లకణముల గతి కూడ మారును. ఈగ జాతికి చెందిన పురుగులలో 2003లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున యమషిత, ఫుల్లర్ మొదలగువారు దీనిని స్పష్టముగా చూపినారు. కండె సరిగా నిలిచినప్పుడు ఒక పిల్లకణము తల్లి చోటునకు అంటుకొని మూలకణముగనే ఉండును. రెండవది దూరముగా జరిగి వేరు పనికి సిద్ధమగును. దాచవలసినది, వండవలసినది ఏర్పరచు చేయి ఈ కండెయే అన్నమాట.

ఆకు చేయు పని

విన్‌బ్లాస్టిన్, విన్‌క్రిస్టిన్ అను పదార్థములు ట్యూబులిన్‌కు అంటుకొని, సూక్ష్మనాళిక పెరుగుట తరుగుటలను స్తంభింపజేయును. కండె ఏర్పడదు, లేక ఏర్పడినను పని చేయదు. విభజన సగములో నిలిచిన కణము చివరకు చనిపోవును. అదుపు లేక చీలుచున్న కాన్సరు కణము ఈ విధముగా నశించును. కాని మందునకు మంచి చెడు తెలియదు. శరీరములో వేగముగా చీలు ప్రతి కణమును అది తాకును. మూలుగలో రక్తకణములకు జన్మనిచ్చు సంతతి కణములు, ప్రేగు పొర, వెండ్రుక మొదలు ఇట్టివే. కాన్సరు మందులు వాడువారికి జుట్టు రాలుట, నోరు పూయుట, రక్తకణములు తగ్గుట ఇందువలననే.

మరి చికిత్స ముగిసిన తరువాత జుట్టు మరల ఎట్లు మొలచును? రక్తము మరల ఎట్లు వృద్ధియగును? అసలైన మూలకణములలో అధికభాగము ఎల్లప్పుడు చీలుచుండవు. నిద్రావస్థలో ఉండును. కండె కట్టని కణమునకు కండెను పాడుచేయు మందుతో భయము తక్కువ. మందు పోయిన తరువాత అవి మేల్కొని ఇల్లు చక్కబెట్టుకొనును.

మరియొక సంగతి మధుమేహ రోగులు గమనించవలెను. నాడీకణము చీలదు గాని, వెన్ను నుండి కాలివ్రేలి వరకు సాగు దాని పొడవైన పోగులో సరకు రవాణా జరుగునది ఈ సూక్ష్మనాళికల మీదనే. విన్‌క్రిస్టిన్ వాడువారికి చేతులు కాళ్ళు తిమ్మిరులెక్కుటకు కారణమిదియే. మధుమేహము వలన ఇదివరకే అరికాళ్ళ మంటలు, తిమ్మిరులు ఉన్నవారు ఈ మొక్కతో ఆటలాడుట ఎంతమాత్రము మంచిది కాదు.

లాంగలి చెప్పు సాక్ష్యము

ఈ గుణము గల మొక్క ఇంకొకటి మన కంచెల మీద ప్రాకుచుండును. అగ్నిజ్వాల వంటి పూలు గల అడవినాభి. సంస్కృతములో లాంగలి, అగ్నిశిఖ. మన శాస్త్రకారులు దీనిని ఉపవిషములలో చేర్చి, గోమూత్రములో నానబెట్టి శుద్ధి చేయనిదే వాడరాదని శాసించినారు. దీని దుంపలోను గింజలలోను కాల్చిసిన్ అను పదార్థము కలదు. అదియు ట్యూబులిన్‌నే పట్టుకొనును. వాస్తవమునకు ట్యూబులిన్ కనుగొనబడినదే కాల్చిసిన్ సహాయముతో. కణములో కాల్చిసిన్ దేనికి అంటుకొనుచున్నదని వెదకుచు 1967లో షికాగోలో బొరిసి, టేలర్ అనువారు ఆ మాంసకృత్తిని పట్టినారు. మరుసటి సంవత్సరము జపాను శాస్త్రవేత్త మొహరి దానికి ట్యూబులిన్ అని పేరు పెట్టినాడు.

చిలగడదుంపయని పొరబడి ఈ దుంపను తిన్నవారి ఉదంతములు వైద్యపత్రికలలో కలవు. వారికి కలుగు బాధల క్రమము చూడుడు. కొన్ని గంటలలో వాంతులు, నీళ్ళ విరేచనములు. అనగా ప్రేగు పొర దెబ్బతినినది. కొద్ది రోజులకు రక్తకణములు పడిపోవును. అనగా మూలుగ దెబ్బతినినది. బ్రతికి బయటపడినవారికి ఒకటి రెండు వారములకు జుట్టు రాలును. పైన చెప్పిన మూడు స్థానములే. వాంతులు తగ్గినవి గదా అని ఇంటికి తీసికొనిపోయిన రోగి, మూడవ నాటికి ప్రాణాపాయములో పడుట ఈ విషము స్వభావము.

ఆకారము మారిన గతి మారును

కణపంజరము గూర్చి ఇంతవరకు అపాయమే చెప్పినాను. ఆశ కలిగించు సంగతియు ఒకటి కలదు. మూలుగలో కొవ్వునకు, ఎముకకు జన్మనిచ్చు మరియొక జాతి మూలకణములు కలవు. ఒకే తల్లి బిడ్డలలో ఒకరు కొవ్వుగాను, ఒకరు ఎముకగాను ఎట్లు మారుదురు? 2004లో అమెరికాలో క్రిస్టొఫర్ చెన్ గారి బృందము ఒక ప్రయోగము చేసినది. ఒకే ఆహారములో పెంచిన కణములలో, చిన్న చోటులో ఉంచి గుండ్రముగా ముడుచుకొనునట్లు చేసినవి కొవ్వు కణములైనవి. విశాలమైన చోటులో పరచుకొననిచ్చినవి ఎముక కణములైనవి. పరచుకొన్న కణములో ఆక్టిన్ పోగులు బిగిసి లాగుచుండును. ఆ బిగువే కణమునకు ఆదేశమైనది.

2006లో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయములో ఎంగ్లర్, డిషర్ గార్లు మరియొక అడుగు వేసినారు. మెదడు వలె మెత్తని జిగురుపై పెంచిన కణములు నాడీకణముల పోలికను, కండరము వంటి గట్టిదనము గలదానిపై పెరిగినవి కండరము పోలికను, మరింత గట్టిదానిపై పెరిగినవి ఎముక పోలికను పొందినవి. ఆక్టిన్ పోగులను లాగు మయోసిన్ అను మాంసకృత్తిని మందుతో ఆపగా కణములకు ఈ తేడా తెలియలేదు. కన్ను లేనివాడు కర్రతో నేలను తడిమి తెలిసికొనునట్లు, కణము తన పోగులతో తాను నిలిచిన చోటును లాగి చూచి తెలిసికొనును.

ఇది ప్రయోగశాలలోని సంగతి. దీనిని నేరుగా మన ఒంటికి అన్వయించి గొప్ప వైద్యములు చెప్పరాదు. అయితే నడక, మెట్లెక్కుట వంటి బరువు మోయు వ్యాయామము ఎముకను కాపాడుననియు, మంచము పట్టినవారి ఎముక పలుచబడుననియు అందరికిని తెలిసినదే. కణము బరువును, లాగుటను గుర్తించు విధము ఇప్పుడు కొంత అర్థమగుచున్నది.

మన సప్తధాతువులలో మేదస్సు తరువాత అస్థి, అస్థి తరువాత మజ్జ చెప్పబడినవి. దీనిని చూపి మూలకణములు మన ఋషులకు ముందే తెలియునని కొందరు వ్రాయుచున్నారు. నేను ఆ మాట చెప్పను. వారు తమ దృష్టితో శరీరపోషణ క్రమమును చెప్పినారు. ఇది సూక్ష్మదర్శినితో చూచిన సత్యము. రెండింటిని గౌరవించుటకు ఒకదానిని మరియొకటిగా చూపనవసరము లేదు. శుద్ధి చేయని లాంగలి వాడరాదన్న వారి జాగ్రత్తను మనము నిలుపుకొన్నచో అదియే నిజమైన గౌరవము.

భయపడవలెనా?

ఐదు ఆకులు నమిలినంతనే మూలుగ ఎండిపోవునని నేను చెప్పుట లేదు. ఒక గ్రాము విన్‌బ్లాస్టిన్ తీయుటకు సుమారు 500 కిలోల ఎండుటాకు కావలెను. ఆకులో దాని పాలు అంత స్వల్పము. కాని అదే మొక్కలో వందకు పైగా ఇతర క్షార పదార్థములు కలవు. ఏ మొక్కలో ఏది ఎంత ఉన్నదో ఇంటిలో కొలుచు సాధనము లేదు. నెలల తరబడి ప్రతిదినము త్రాగిన ఫలితమును ఎవరును హామీ ఇవ్వలేరు. జంతువులపై కొన్ని పరిశోధనలలో చక్కెర తగ్గినట్లు కనబడినది. అది నిజమైనచో మాత్రలతో కలిసి చక్కెర మరీ దిగజారు ప్రమాదము కూడ నిజమే. లాభము అనిశ్చితము, నష్టమునకు దారి స్పష్టము. కనుక మానుట మేలు.

గుర్తుంచుకొనవలసినవి

1. బిళ్ళగన్నేరు ఆకురసము, కషాయము ఇంటి వైద్యముగా వాడరాదు. గర్భిణులు, పాలిచ్చు తల్లులు, పిల్లలు ఎంతమాత్రము ముట్టరాదు. గర్భస్థ శిశువు శరీరమంతయు చీలుచున్న కణములే.

2. ఇప్పటికే వాడుచున్నవారు మాని, ఆ సంగతి తమ వైద్యునికి దాచక చెప్పి, చక్కెరతో పాటు రక్తకణముల పరీక్షయు చేయించుకొనవలెను. జ్వరము, నోటిపూత, తిమ్మిరులు ఉన్నచో ఆలస్యము కూడదు.

3. గన్నేరు వేరు, బిళ్ళగన్నేరు వేరు. పేరు పోలికతో గన్నేరు ఆకు వాడినచో అది గుండెకు విషమై ప్రాణము తీయును.

4. అడవినాభి దుంప ఇంటిలో నిలువ ఉంచరాదు. పొరపాటున తిన్నచో, వాంతులు తగ్గినను సరే, వెంటనే పెద్ద ఆసుపత్రికి తీసికొనిపోవలెను. మొక్క ముక్కను వెంట తీసికొనిపోయిన వైద్యునికి సహాయము.

5. చక్కెర వ్యాధికి పెరటిలో కాక వంటింటిలో వెదకుడు. మెంతులపై హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 1990 ప్రాంతములో రోగులపై పరిశోధన జరిపి, చక్కెర తగ్గుటకు సహాయపడునని చూపినది. అయినను మాత్రలు వాడువారు వైద్యునికి చెప్పియే మొదలుపెట్టవలెను.

6. ప్రతిదినము నడక మానరాదు. అది చక్కెరకును మంచిది, ఎముకకును మంచిది.

ఆ ఉపాధ్యాయుల వారు ఇప్పుడు కులాసాగా ఉన్నారు. వారి పెరటిలో బిళ్ళగన్నేరు నేటికిని పూచుచున్నది. పూలు కోసి దేవునికి పెట్టుచున్నారు, ఆకు తుంచుట లేదు. మొక్కలో దోషము లేదు. ఎక్కడో ఒక పసిబిడ్డ రక్తకాన్సరు నుండి కోలుకొనుచున్నాడన్న అందులో ఆ జాతి మొక్క చలువయు కలదు. కొలత తెలిసిన చేతిలో అది ఔషధము, కొలత తెలియని చేతిలో విషము. ఈ సంగతి నాకు ఆలస్యముగా తెలిసినది. మీకు ముందుగా తెలియవలెనని వ్రాసినాను.